పాత డిస్క్ కనబడకపోతే క్యాబినెట్ మూత తియ్యి, ఫార్మాట్ జోలికి పోకు

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

పాత డిస్క్ కనబడటం లేదంటూ నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మీ నాన్న పాత పెంటియం 4 కంప్యూటర్ని మళ్ళీ నడిపించాలని పూనుకున్నందుకు చాలా సంతోషం. అందులో కొట్టు లెక్కలూ, నీ చిన్నప్పటి ఫోటోలూ ఉన్నాయి. అందుకే ముందుగా ఒక మాట గట్టిగా చెబుతున్నాను. అందులోని ఆ పాత 40 జీబీ డిస్క్ గురించి విండోస్ ‘ఫార్మాట్ చెయ్యాలా?’ అన్నా, ‘ఇనిషియలైజ్ చెయ్యాలా?’ (అంటే కొత్త డిస్క్‌లా సిద్ధం చెయ్యాలా) అన్నా కేన్సిల్ కొట్టు. అలా అడిగిందంటే డిస్క్ ఖాళీ అయిపోయిందని కాదు, అందులో ఉన్నది తనకు అర్థం కాలేదని. ఏ పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక డిస్క్ మొదటి సెక్టార్లో, అంటే మొట్టమొదటి గడిలో, 64 బైట్ల జాగాలో ఉంటుంది. అది చెడితే సరుకు లోపలే ఉంటుంది, దాని అడ్రసు పోతుంది. నేను రిపేర్లు నేర్చుకునే రోజుల్లో ఒక టీచరుగారి డిస్క్‌కి తొందరపడి ఫార్మాట్ కొట్టేశాను. ఆయన పదేళ్ళుగా రాసుకున్న పాఠాలు సగం కూడా తిరిగి రాలేదు. ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

అసలు వెతకడం మొదలుపెట్టాల్సింది విండోస్‌లో కాదు, బయోస్‌లో. విండోస్ కంటే ముందే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర అది. ఆన్ చెయ్యగానే డెలీట్ కీ నొక్కుతూ ఉండు. డిస్క్ పేరు అక్కడే లేకపోతే విండోస్‌లో ఎంత వెతికినా దొరకదు. తప్పు వైర్ల దగ్గరో, జంపర్ (డిస్క్ వెనక పిన్నుల మీద తొడిగే చిన్న బిళ్ళ) దగ్గరో, డిస్క్‌లోనో ఉన్నట్టు. తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. ముందు అది మార్చు, లేకపోతే నువ్వు పెట్టిన సెట్టింగులు నిలవవు.

ఇక నీ మూడో ఫోటో. పెద్దది చేసి చూశాను. పాత డిస్క్‌కీ, నువ్వు తెచ్చిన 160 జీబీ డిస్క్‌కీ జంపర్ మాస్టర్ దగ్గరే ఉంది, రెండూ ఒకే కేబుల్ మీద ఉన్నాయి. అలా ఉన్నప్పుడు జంపర్‌తో ఒకదాన్ని మాస్టర్ (మొదటిది), ఇంకోదాన్ని స్లేవ్ (రెండోది) చెయ్యాలి. నీ తిప్పలకి కారణం అదేనని నా నమ్మకం. ఒక కేబుల్ మీద ఇద్దరు మాస్టర్లు ఉంటే ఒక్కోసారి ఒకటే కనబడుతుంది, ఒక్కోసారి రెండూ మాయమవుతాయి. పవర్ వైరు గోడ దగ్గరే పీకెయ్యి, క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకో, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టు. జంపర్ బియ్యపుగింజంత ఉంటుంది, చిన్న పట్టకారుతో లాగు. ఎక్కడ పెట్టాలో డిస్క్ లేబుల్ మీదే బొమ్మ ఉంటుంది. కంపెనీ కంపెనీకీ మారుతుంది కాబట్టి ఒకదాన్ని చూసి రెండోదానికి పెట్టకు. పాతది మాస్టర్, కొత్తది స్లేవ్ చెయ్యి. కేబుల్‌లో నీలం కొస మదర్‌బోర్డుకి, చివరి నలుపుది మాస్టర్‌కి, మధ్యలోని బూడిదరంగుది స్లేవ్‌కి. పిన్నులు వంగాయేమో టార్చి వేసి చూడు. బలవంతంగా నొక్కకు.

ఆన్ చేశాక డిస్క్ దగ్గర చెవి పెట్టు. సన్నగా తిరుగుతున్న చప్పుడు వస్తే మంచిదే. టక్, టక్ అని కొట్టుకుంటుంటే వెంటనే ఆపెయ్యి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడొద్దు. అది డేటా రికవరీ వాళ్ళ పని.

రెండూ కనబడ్డాక సైజు చూడు. 160 జీబీ డిస్క్‌ని విండోస్ 149 అని చూపిస్తే టెన్షన్ పడకు. కంపెనీవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే. 127 దగ్గర ఆగిపోతే మాత్రం జబ్బే. పాత పద్ధతిలో సెక్టార్ నంబరుకి 28 బిట్లే ఉండేవి, దాంతో 137 జీబీ దాటి లెక్కపెట్టలేరు. కంపెనీ లెక్కలో ఆ 137నే విండోస్ తన లెక్కలో 127 అని చూపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ 1 (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ల మూట) నుంచి ఆ హద్దు పోయింది. కాబట్టి సర్వీస్ ప్యాక్ 3 వేసెయ్యి. బయోస్ కూడా 137 దగ్గరే ఆగితే దాన్ని అప్‌డేట్ చెయ్యాలి, లేదంటే అంతకంటే చిన్న డిస్క్ వాడాలి. ఈ హద్దును పట్టించుకోకుండా నింపుకుంటూ పోతే కొత్త ఫైళ్ళు డిస్క్ మొదట్లో ఉన్నవాటి మీద పడి తినేస్తాయి.

పార్టిషన్ కొత్తదానికే చెయ్యి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ నంబరూ, సైజూ పైకి చదివి మరీ క్లిక్ చెయ్యి. అక్కడ విజార్డ్ ‘డైనమిక్ డిస్క్’గా మారుస్తానంటుంది, ఆ టిక్ పెట్టకు. ఒక్కటే పెద్ద ప్రైమరీ పార్టిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చెయ్యి. పాత పద్ధతి ఫ్యాట్32లో 4 జీబీ ఫైలు కూడా పట్టదు, పెళ్ళి వీడియోలు పెట్టాలంటే కష్టం.

మొదట ఫోటోలు కాపీ చెయ్యి, తర్వాత లెక్కలు. అవే ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి మీ అమ్మ చేతికివ్వు. జంపర్ మార్చాక బయోస్ స్క్రీన్ ఫోటో తీసి పంపు, రాత్రి పదింటిదాకా మెలకువగానే ఉంటాను.

మీ బాబాయి