ఇంజిన్ అరుస్తోంది, కొమ్మ తెగడం లేదు... ఖరీదైన చైన్‌సా కొనాలా?

ప్రశ్న: నాకు ముదురు మామిడి తోట ఉంది. గుబురెక్కిన కొమ్మలు తీయడానికి, కాపు తగ్గిన చెట్లు కొట్టేయడానికి నిరుడు చౌక రకం 58 సీసీ పెట్రోల్ చైన్‌సా కొన్నాను. బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) 20 అంగుళాలు. మొదట్లో బాగా కోసింది. ఇప్పుడు ఇంజిన్ అరుస్తోంది కానీ చెక్కలోకి దిగడం లేదు. కోత ఒక పక్కకు వంకరగా పోతోంది. బార్ దగ్గర పొగ వస్తోంది. లావు కొమ్మలు పూర్తిగా తెగకముందే బెరడుతో సహా చీలి పడుతున్నాయి, ఆ చీలికల్లో జిగురు కారుతోంది. పవర్ చాలక ఇలా అవుతోందని నా అనుమానం. డీలర్ కూడా అదే అన్నారు. పొగ తగ్గాలంటే పెట్రోల్‌లో కలిపే ఆయిల్ తగ్గించమన్నారు, పెద్ద కంపెనీ మిషన్ తీసుకోమన్నారు. దాని ధరకు ఇలాంటివి నాలుగొస్తాయి. అంత పెట్టడం లాభమేనా?

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా పవర్ చాలకపోవడం వల్ల వచ్చింది కాదు. మీ చైన్ మొద్దుబారింది, అది కూడా ఒక పక్క ఎక్కువగా. పవర్ చాలని మిషన్ చెక్కలో పెట్టగానే గొంతు తగ్గిపోయి ఆగిపోతుంది. మీ ఇంజిన్ గట్టిగా అరుస్తూనే ఉందంటే దానికి పనే పడడం లేదు, పళ్లు చెక్క మీద జారిపోతున్నాయి. ఈసారి కోసేటప్పుడు కింద ఏం రాలుతోందో చూడండి. పదునున్న చైన్ చిన్న చిన్న చెక్క పేళ్లు రాలుస్తుంది. పిండిలాంటి పొట్టు రాలుతుంటే పదును పోయినట్టే. ఈ చైన్‌తో ఎంత ఖరీదైన మిషన్ అయినా ఇలాగే కోస్తుంది.

నిరుటి నుంచి ఎన్నిసార్లు పదును పెట్టారో మీరు రాయలేదు. అరుదుగా, అదీ మొక్కుబడిగా పెట్టి ఉంటారని నా ఊహ. ట్యాంకు పెట్రోల్ అయిపోయిన ప్రతిసారీ ఒక్కో పంటికి ఆకురాయితో రెండు మూడు రాపులు వేయాలి. రాయికో మట్టికో ఒక్కసారి తగిలినా వెంటనే ఆపి రాయాలి. మీ రకం మిషన్లకు సాధారణంగా 0.325 పిచ్ (చైన్ లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) చైన్ వస్తుంది, దానికి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి కావాలి. చిన్న మిషన్లకు వచ్చే సన్నరకం 3/8 చైన్ అయితే 4 మి.మీ. పిచ్ ఎంతో బార్ మడమ (ఇంజిన్ వైపు చివర) దగ్గర ముద్రించి ఉంటుంది, చూసుకుని కొనండి. చేతికి గ్లవ్స్ వేసుకుని, ఇంజిన్ ఆపి, ప్లగ్ తీగ పీకి, బార్‌ను గట్టిగా బిగించాక పని మొదలుపెట్టండి. ఆకురాయిని 30 డిగ్రీల కోణంలో పట్టుకుని పంటి లోపలి నుంచి బయటికి మాత్రమే తోయండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. ముందు అన్నిటికన్నా పొట్టిగా అరిగిన పన్ను ఏదో వెతకండి. మిగతావన్నీ దాని పొడవుకు రావాలి. అన్నిటికీ ఒకే లెక్కన రాపులు పడాలి.

వంకర కోతకు కారణం ఇక్కడే ఉంది. చైన్ మీద ఒక పన్ను ఎడమకు, తర్వాతిది కుడికి కోస్తుంది. కుడిచేతి వాటం వాళ్లు ఒక పక్క పళ్లను బాగా రాసి, రెండో పక్క వాటిని మొక్కుబడిగా రాస్తారు. దాంతో పదునున్న పక్కకు కోత లాగేస్తుంది. ఈ ఎడమ కుడి పళ్ల ఏర్పాటు ఓ పురుగు నుంచి వచ్చిందంటే నమ్ముతారా? 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతూ, కలప తొలిచే పెంకు పురుగు లార్వా దవడలు అటూ ఇటూ కదిలిస్తూ చెక్కను తినడం చూసి ఈ చైన్ తయారుచేశాడు. మీ మామిడి కాండం తొలిచే పురుగుదీ దానిదీ ఒకే కుటుంబం. ఆ పురుగు తన దవడలు మొద్దుబారనివ్వదు, మనమే వదిలేస్తాం.

పంటి ముందు చిన్న మొట్టు ఒకటి ఉంటుంది. డెప్త్ గేజ్ అంటారు. పన్ను ఎంత లోతు కొరకాలో అది నిర్ణయిస్తుంది. మూడు నాలుగుసార్లు పదును పెట్టాక పన్ను పొట్టిదవుతుంది, మొట్టు మాత్రం అలాగే ఉండి పంటిని చెక్కకు తగలనివ్వదు. పంటి అంచు కన్నా అది 0.65 మి.మీ. కిందికి ఉండేలా చదును ఆకురాయితో రాయాలి. అంతకన్నా ఎక్కువ తగ్గిస్తే చైన్ చెక్కను పట్టి గుంజుతుంది, మిషన్ మీ మీదికి ఎగరొచ్చు. పదును బాగున్నా కోత వంకరపోతే బార్ అంచులు ఒక పక్క అరిగాయని అర్థం. ఇకనుంచి వారానికోసారి బార్ తిరగేసి బిగించండి.

ఇక పొగ. ఇక్కడ డీలర్ చెప్పింది తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. పొగ వస్తోంది బార్ దగ్గర, సైలెన్సర్ దగ్గర కాదు. రెండింటికీ సంబంధం లేదు. మొద్దు చైన్ రాపిడికో, బార్‌కు ఆయిల్ అందకో చెక్క మాడుతోంది. బార్ తీసి దాని గాడిని, ఆయిల్ వచ్చే రంధ్రాన్ని పుల్లతో శుభ్రం చేయండి. మళ్లీ బిగించి, బార్ కొసను ఓ తెల్ల అట్టకు దగ్గరగా, తగలకుండా పెట్టి యాక్సిలరేటర్ నొక్కండి. అట్ట మీద ఆయిల్ గీత పడాలి. పెట్రోల్ పోసిన ప్రతిసారీ చైన్ ఆయిల్ కూడా నింపాలి. ట్రాక్టర్ నుంచి దించిన మాడిన ఆయిల్ పోయకండి, పంపు పాడవుతుంది, కోసిన గాయాలకూ అదే అంటుకుంటుంది.

మీ చైన్‌సాది టూ-స్ట్రోక్ ఇంజిన్, అందులో పిస్టన్‌కు ఉన్న ఏకైక తడి పెట్రోల్‌లో కలిపిన ఆయిలే. దాన్ని తగ్గిస్తే పిస్టన్ పట్టేస్తుంది. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఏ పాళ్లు రాశారో అవే కలపండి. 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 40:1 అయితే 25 మి.లీ., 25:1 అయితే 40 మి.లీ. చౌక మిషన్లలో చాలావాటికి 25:1 లేదా 40:1 ఉంటుంది. మూతతో కొలిచి ఉజ్జాయింపుగా పోయకండి, మందుల కొలత గ్లాసు వాడండి. పురుగుమందు కొలిచింది మాత్రం వద్దు. ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (టూ-స్ట్రోక్ ఆయిల్‌కు జపాన్ నాణ్యత ప్రమాణం) అని ఉందేమో చూడండి. వేరే క్యాన్‌లో కలిపి బాగా ఊపాక ట్యాంకులో పోయాలి. కలిపిన పెట్రోల్‌ను 30 రోజులకు మించి ఉంచకండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమ పీల్చుకుంటుంది, కార్బ్యురేటర్‌లోని రబ్బరు పొరల్ని గట్టిపరుస్తుంది. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టేయండి.

ఆయన మాట విని ఇప్పటికే ఆయిల్ తగ్గించి నడిపారా? అయితే చల్లబడ్డాక సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూడండి. నున్నగా ఉంటే బతికిపోయారు. నిలువు గీతలు లోతుగా పడి ఉంటే మాత్రం కొత్త మిషన్ మాట ఆలోచించాల్సిందే.

ఆ ఆలోచనే వస్తే సీసీ చూసి కొనకండి. కిలోవాట్లు, బరువు చూడండి. పెద్ద కంపెనీల్లో స్టిల్ వాళ్ల ఎంఎస్ 261 మోడల్ 50.2 సీసీ, 3 కిలోవాట్లు, బార్ చైన్ లేకుండా 4.9 కిలోలు. హస్క్‌వర్నా 550 ఎక్స్‌పీ మార్క్ 2 కూడా 50.1 సీసీతో 3 కిలోవాట్లే ఇస్తుంది, బరువు 5.3 కిలోలు. 58 సీసీ అని అమ్మే చౌక రకాల్లో చాలావాటికి పుస్తకంలో రాసేది రెండు, రెండున్నర కిలోవాట్ల మధ్యే. పైగా 58 అని స్టిక్కర్ ఉన్నవాటిలో అసలు సిలిండర్ కొలిస్తే అంతకు తక్కువ ఉండేవి చాలా ఉన్నాయి. అలాంటి ఇంజిన్‌కు 20 అంగుళాల బార్ తగిలించడం చూపులకే. మీరు కోసే కొమ్మలకు 16 అంగుళాలది చాలు. బార్, దానికి సరిపడే చైన్ మారిస్తే మీ మిషనే ఇంకో మిషన్‌లా కోస్తుంది.

పెద్ద పేరున్నవన్నీ గొప్పవి అనుకోవడం కూడా పొరపాటే. ఆ కంపెనీలే ఇంటి అవసరాలకు చిన్నవి, ప్లాస్టిక్ భాగాలు ఎక్కువ ఉన్నవి చేస్తాయి. రోజంతా పనిచేసేవాళ్లకు మెగ్నీషియం క్రాంక్ కేసు (ఇంజిన్ కింది డబ్బా), స్ప్రింగుల మీద ఆనే పిడులు, కార్బ్యురేటర్‌ను తనే సర్దుకునే ఎలక్ట్రానిక్స్ ఉన్నవి వేరేగా చేస్తాయి. పేరు ఒకటే, సరుకు వేరు.

ఖరీదైనదానికి నేను నిజంగా మార్కులు వేసేది వేగానికి కాదు, చేతులకు వచ్చే అదురు తక్కువ కాబట్టి. ఏళ్ల తరబడి అదురు భరిస్తే వేళ్లలో రక్తం ఆడక తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. ఐరోపా నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల రోజుకు లెక్కగట్టిన అదురు 2.5 మీ./సె² దాటితే యజమాని జాగ్రత్తలు తీసుకోవాలి, 5 దాటకూడదు. మీ మిషన్, కొనాలనుకునే మిషన్ పుస్తకాల్లో రాసిన అదురు అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చండి.

నా లెక్క ఇది. ఏడాదికి 20 గంటలలోపు పని అయితే మీ చౌక మిషన్ చాలు. 20 నుంచి 60 గంటలైతే పేరున్న కంపెనీలో 45 సీసీకి అటూ ఇటూగా ఉండే మధ్యరకం. అంతకు మించితే, లేదా ఇతరుల తోటల్లో కూడా కోస్తుంటే, పెద్దది డబ్బు తిరిగిస్తుంది. ఏది కొన్నా ఆ మోడల్ కార్బ్యురేటర్, క్లచ్, స్టార్టర్ తాడు దొరుకుతాయో లేదో ముందు తెలుసుకోండి. విడిభాగం దొరకని ఖరీదైన మిషన్ కన్నా దొరికే చౌకదే నయం. చైన్ బ్రేక్ పనిచేయనిది, యాక్సిలరేటర్ వదిలాక కూడా చైన్ తిరిగేది ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోకండి. మిగిలిన డబ్బుతో ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్‌లు, చైన్‌కు తెగని కాళ్ల తొడుగు కొనండి. నిచ్చెన మీద నిలబడి, భుజం కన్నా పైకి ఎత్తి కోయడం మానేయండి.

చివరిగా జిగురు సంగతి. నిజానికి మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఇదే, మీరేమో లక్షణాల చివర రాశారు. అలాంటి చీలికల్లోంచి చెట్టుకు జబ్బు పట్టొచ్చు. బెరడు చీలడం మిషన్ తప్పు కాదు, పైనుంచి ఒక్క కోతలో తెంచడం తప్పు. మొదట కాండానికి అడుగు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి మూడో వంతు లోతు కోయండి. దానికి రెండంగుళాలు బయటికి పైనుంచి కోస్తే కొమ్మ చీలకుండా పడిపోతుంది. తర్వాత మిగిలిన మోడును, మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి కోసేయండి. కాండానికి అంటించి కోస్తే గాయం పెద్దదై మానదు.

ఇప్పటికే చీలినచోట ఊడిన బెరడును పదునైన కత్తితో ఆరోగ్యంగా ఉన్న భాగం దాకా చెక్కేసి, బోర్డో పేస్ట్ (గాయానికి తెగులు పట్టకుండా పూసే మందు) పూయండి. కిలో మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్‌లో 5 లీటర్ల నీటిలో, కిలో సున్నం ఇంకో బకెట్‌లో 5 లీటర్ల నీటిలో కలిపి, రెండింటినీ మూడో ప్లాస్టిక్ బకెట్‌లోకి ఒకేసారి పోస్తూ కలపాలి. ఇనుప బకెట్ వాడొద్దు. కలిపిన రోజే వాడాలి. కోసిన ప్రతి గాయానికీ అదే రోజు పూత పడాలి. ఎండిన కొమ్మలుంటే ఎండిన భాగానికి నాలుగంగుళాల కిందికి, పచ్చి చెక్క దాకా కోసి తగలబెట్టండి. జబ్బు చెట్టు నుంచి మంచి చెట్టుకు వెళ్లేముందు ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక 70 శాతం స్పిరిట్‌తో బార్‌నూ చైన్‌నూ తుడవండి. వేడి మీద తుడిస్తే అంటుకుంటుంది. జిగురు చూసి ఎవరైనా తోటంతా మందు కొట్టమంటే కొట్టకండి. పేస్ట్ పూసిన నెలకు కూడా కారుతుంటే, ఆ చోట బెరడు చెక్కి లోపలి చెక్క ఏ రంగులో ఉందో ఫొటో తీసి పంపండి.