జైలు చట్టాలు చేసే అసెంబ్లీని ఎన్నుకోవడంలో ఖైదీలకు ఓటు ఎందుకు లేదు?

జైళ్లు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా కిందికి వస్తాయి, అంటే వాటిపై చట్టాలు చేసేది రాష్ట్ర అసెంబ్లీయే. ములాఖత్, పెరోల్ లాంటి నియమాలు ఖైదీల బతుకును నేరుగా తాకుతాయి, కానీ వాటిని చేసేవాళ్లను ఎన్నుకునే వీలు వాళ్లకు లేదు. కారణం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 62(5). జైల్లోనో పోలీసు కస్టడీలోనో ఉంటే ఓటు వేయకూడదు.

శిక్ష పడినవాళ్లకూ, కేసు ఇంకా తేలనివాళ్లకూ ఈ సెక్షన్ తేడా చూపదు. నన్ను బాధపెట్టేది ఇదే. 2022 చివరికి మన ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే. ఒకే కేసులో ఇద్దరికి బెయిల్ వచ్చిందనుకోండి. పూచీకత్తు కట్టగలిగినవాడు బయటికొచ్చి ఓటేస్తాడు, కట్టలేని పేదవాడు లోపలే ఉండిపోతాడు.

జైల్లో ఉన్నంత మాత్రాన పోటీకి మాత్రం అడ్డు లేదు. అదే చట్టానికి 2013లో చేసిన సవరణ ఆ విషయం తేల్చింది. 1977లో సోషలిస్టు నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్ జైల్లో ఉంటూనే బీహార్‌లోని ముజఫర్‌పూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు.

1997లో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని సమర్థిస్తూ పోలీసు బందోబస్తు భారాన్ని కూడా ఒక కారణంగా చూపింది. ఆ కారణం నాకు బలంగా అనిపించదు. ముందస్తు నిర్బంధంలో, అంటే నేరం చేస్తారన్న అనుమానంతో ముందే పట్టి ఉంచితే, ఈ నిషేధం వర్తించదు; అలాంటివాళ్లు ఇప్పటికే పోస్టల్ బ్యాలెట్‌తో ఓటేస్తున్నారు కదా! అమెరికాలోని మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్లు కూడా పోస్టు ద్వారా ఓటేస్తారు. ఆ ఓటు జైలున్న ఊరికి కాదు, అంతకుముందు వాళ్లున్న ఊరికి చెందుతుంది. మన దగ్గర కనీసం విచారణ ఖైదీలకైనా ఇది రావాలంటే అసెంబ్లీ తీర్మానం చాలదు, పార్లమెంటే చట్టం మార్చాలి.