టెక్ సందేహాలు: అభిమానులు తయారుచేసిన క్యాంపెయిన్ ఆడదగ్గదో కాదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ‘ఇంటర్‌లో ఉన్నప్పుడు మా పెదనాన్న గారింట్లో ఫ్రీస్పేస్ 2 ఆడాను. ఈ మధ్యే మళ్లీ కొని పూర్తి చేశాను. దీనికి అభిమానులు సొంతంగా తయారుచేసిన క్యాంపెయిన్లు (కథగా సాగే మిషన్ల వరసలు) చాలా ఉన్నాయని ఇప్పుడే తెలిసింది. బ్లూ ప్లానెట్‌ని మించింది లేదని కొందరు, అదంతా మాటల సోది అని కొందరు అంటున్నారు. నాకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. వారానికి మూడు గంటలు దొరికితే గొప్ప. ఏది ఆడదగ్గదో ముందే ఎలా తెలుసుకోవాలి?’ – హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. బ్లూ ప్లానెట్ గొప్పదే, అందులో సోదీ ఉంది. అయినా ఆడమనే అంటాను. ఎందుకో చెప్పేముందు, ఈ గేమ్ తెలియని పాఠకుల కోసం రెండు మాటలు.

ఫ్రీస్పేస్ 2 అంతరిక్షంలో యుద్ధ విమానం లాంటి షిప్ నడుపుతూ పోరాడే గేమ్. వచ్చింది 1999లో. తయారుచేసిన వొలిషన్ సంస్థ, తాము మిషన్లు కట్టడానికి వాడిన ఫ్రెడ్ అనే ఎడిటర్‌ని కూడా గేమ్‌తో పాటే ఇచ్చేసింది. 2002లో సోర్స్‌కోడ్ (గేమ్ అసలు ప్రోగ్రామ్) కూడా విడుదల చేసింది. అభిమానులు దాన్ని అందుకుని ఫ్రీస్పేస్ ఓపెన్ పేరుతో గేమ్‌ని నడిపే ఇంజిన్‌ని ఇప్పటికీ మెరుగుపరుస్తూనే ఉన్నారు. వొలిషన్ 2023లో మూతపడింది, గేమ్ మాత్రం నడుస్తూనే ఉంది. ఎడిటర్ అందరి చేతికీ వచ్చింది కాబట్టి క్యాంపెయిన్లు కుప్పలు తెప్పలుగా పుట్టాయి. కుప్పలో తాలు కూడా ఉంటుంది మరి.

స్క్రీన్‌షాట్లు చూసి నిర్ణయానికి రావద్దు. మొదటి మిషన్ చూసీ వద్దు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది గానీ, క్యాంపెయిన్ అలా కాదు. మొదటి మిషన్‌ని ఎవరైనా ముద్దుగా చెక్కుతారు. ఆ ఉత్సాహం మూడో మిషన్‌కో నాలుగో మిషన్‌కో చల్లారుతుంది. అందుకే అక్కడిదాకా ఆడి, ఒకసారి ఓడిపోయి చూడండి. ఎందుకు ఓడిపోయారో మీకు అర్థమైతే అది మంచి క్యాంపెయిన్. నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే.

అసలు గేమ్‌లోనే ఒక మిషన్ తీసుకుందాం. ‘బేర్‌బెయిటింగ్’ గుర్తుందా? శత్రువుల కొండంత యుద్ధనౌక సథానస్ వస్తుంటుంది. దాని ముందువైపు నాలుగు పెద్ద బీమ్ ఫిరంగులు. మనవైపు పెద్ద నౌక కొలోసస్ వచ్చి ఎదురు నిలిచేలోపు మీరు బాంబర్‌లో వెళ్లి ఆ నాలుగింటినీ ఊడగొట్టాలి. మూడే ఊడగొట్టారనుకోండి, నాలుగోది కొలోసస్‌ని కోస్తుంటే కళ్లారా చూస్తారు. తప్పెక్కడ జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అంత పెద్ద యుద్ధంలో మీరు చీమంత, అయినా ఫలితం మీ చేతిలోనే ఉంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉన్నదాన్ని ఒకదాన్ని ఆడి, రెండు ఆదివారాలు తగలేశాను. పేరు చెప్పను, చేసినవాళ్లు డబ్బు తీసుకుని చేయలేదు కదా. ఒక రవాణా షిప్‌ని కాపాడమన్నారు. మూడు దళాలను కూల్చాను, నాలుగోది వచ్చింది, అదీ కూలింది. ఐదోది సరిగ్గా షిప్ పక్కనే ప్రత్యక్షమై బాంబులు వదిలింది. నేను నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నాను. మిషన్ ఫెయిల్. మళ్లీ ఆడాను, మళ్లీ అంతే. ఐదుసార్లు ఓడిపోతే ‘ఈ మిషన్ దాటేస్తారా?’ అని గేమే అడుగుతుంది. ఆ డబ్బా కనబడినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో! కొత్తగా ఫ్రెడ్ పట్టినవాళ్లు చేసే పొరపాటే ఇది. మిషన్ కష్టంగా ఉండాలంటే ఇంకో దళాన్ని దించడమే మార్గం అనుకుంటారు. ఎక్కడ ఏం వస్తుందో వాళ్లకు తెలుసు కాబట్టి, తాము ఆడితే తేలిగ్గానే గెలుస్తారు. ఇంకొకరి చేత ఆడించి చూడలేదన్న సంగతి ఇలాంటిచోటే బయటపడుతుంది.

ఇక బ్లూ ప్లానెట్. మొదటి ఫ్రీస్పేస్ చివర్లో భూమికి వెళ్లే దారి తెగిపోతుంది. రెండో గేమ్ ముగిసినా భూమి సంగతి తేలదు. అభిమానులు పట్టుకున్నది ఆ ఖాళీనే. మొదటి భాగం ‘ఏజ్ ఆఫ్ అక్వేరియస్’లో ఒక దళం భూమికని బయల్దేరి, అనుకోని చోట తేలుతుంది. రెండో భాగం ‘వార్ ఇన్ హెవెన్’ మొదలయ్యేసరికి భూమితోనే యుద్ధం నడుస్తుంటుంది. మీరు ఉండేది భూమివైపు. అంటే రెండో గేమ్ మొత్తం మీరు ఎవరి జెండా కింద పోరాడారో, ఆ జీటీవీఏ (మనుషులు, గ్రహాంతర మిత్రులు కలిసిన కూటమి) షిప్పులే ఇప్పుడు మీమీదికి వస్తాయి. పాత గేమ్‌లో మీరు ‘ఆల్ఫా 1’, పేరు కూడా లేని పైలట్. ఇక్కడ మీరు లపోర్ట్ అనే అమ్మాయి. ఆమెకు భయం ఉంది, కోపం ఉంది, చంపాక నిద్రపట్టని రాత్రులున్నాయి.

నా పరీక్షలో ఇది ఎలా నెగ్గుతుందంటే – జీటీవీఏ షిప్పులకు బీమ్‌లున్నాయి. హఠాత్తుగా పక్కన దిగి, కోసేసి, వెళ్లిపోతాయి. భూమి షిప్పులు టార్పెడోలు, మాస్ డ్రైవర్లతో (గుండ్లు విసిరే ఫిరంగులతో) నిలబడి కొడతాయి, వాటికి సమయం కావాలి. ఈ తేడా బుర్రకెక్కిన తర్వాత, మనం కాపాడాల్సిన షిప్ పోతే ‘అయ్యో, మళ్లీ దూరంగా వెళ్లి ఫైటర్ల వెంట పడ్డానే’ అని మనల్ని మనమే తిట్టుకుంటాం. మిషన్ని తిట్టం. పైగా ఫ్రీస్పేస్‌లో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. వార్ ఇన్ హెవెన్‌లో కొన్ని పొడవాటి మిషన్లకు, ఓడిపోతే మధ్యలోంచే మళ్లీ మొదలెట్టేలా చెక్‌పాయింట్లు పెట్టారు. వారానికి మూడు గంటలు దొరికే మీకు గ్రాఫిక్స్ కన్నా ఇదే ముఖ్యం.

సోది ఎక్కడంటారా? ఏజ్ ఆఫ్ అక్వేరియస్‌లో కొన్నిచోట్ల షిప్ తిప్పుతూ ఊరికే మాటలు వినాలి. వార్ ఇన్ హెవెన్‌లో బ్రీఫింగులు బారెడుంటాయి, యుద్ధం మధ్యలో సందేశాలు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. ఎదురుగా మిస్సైల్ వస్తుంటే తత్త్వం ఎవరు చదువుతారు? ఈ ఒక్క విషయంలో మార్కులు తీసేస్తాను.

మనవాళ్లకు మాత్రమే తగిలే తమాషా ఒకటుంది. అసలు గేమ్‌లో శత్రువులు శివన్లు అనే గ్రహాంతర జాతి, వాళ్ల డిస్ట్రాయర్ రావణ, క్రూయిజర్ రాక్షస. శివుణ్నీ రావణుణ్నీ ఒకే గట్టున కట్టేశారు, భక్తుడేగా అనుకుని సరిపెట్టుకోవాలి. బ్లూ ప్లానెట్ వాళ్లు ఊరుకోకుండా విష్ణన్లు అనే ఇంకో జాతినీ తెచ్చారు. భూమి ఫ్రిగేట్ల పేర్లు కరుణ, నారాయణ. కరుణ ఒంటినిండా ఆయుధాలతో తిరుగుతుంటే మొదట్లో నాకు నవ్వాగలేదు.

మీరు చేయాల్సింది: నాసాస్ అనే లాంచర్ దించుకుని, మీరు కొన్న గేమ్‌ని దానికి చూపించండి. క్యాంపెయిన్‌నీ, దానికి కావలసిన ఇంజిన్ వెర్షన్‌నీ అదే తెచ్చి పెడుతుంది. ఎక్కడో దొరికిన సెటప్ ఫైల్ మాత్రం నొక్కొద్దు. మీడియంలో గేమ్ పూర్తి చేసినా ఇక్కడ ఈజీతో మొదలెట్టండి, పరువేం పోదు. సగంలో ఉండగా అప్‌డేట్ జోలికి వెళ్లకండి, మిషన్ల వరస మారితే మీ ప్రోగ్రెస్ చిక్కులో పడొచ్చు.

ప్రశ్న: ‘ఫ్రీస్పేస్ 2 కొనకుండా ఇలాంటివి ఆడొచ్చా?’ – ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బ్లూ ప్లానెట్ లాంటివాటికి అసలు గేమ్ ఫైళ్లు కావాలి. అక్కర్లేనివాటిలో రెండు చెబుతాను, రెండూ ఉచితం, రెండూ 2012లో వచ్చాయి. వింగ్ కమాండర్ సాగా నిండు కథ, చాలా పెద్దది. డయాస్పోరా, ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ అనే టీవీ సీరియల్ ప్రపంచంలో నడుస్తుంది, చిన్నది. ఇందులో షిప్ ఇంజిన్ ఆపేసి జారుతూ, వెనక్కి తిరిగి కాల్చొచ్చు. మొదటిసారి ఆడేవాళ్లకు నేనైతే డయాస్పోరానే ఇస్తాను.

ప్రశ్న: ‘జాయ్‌స్టిక్ లేదు. కీబోర్డ్, మౌస్‌తో అవుతుందా?’ – దుబాయ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిక్షేపంగా అవుతుంది. నేను మౌస్‌తోనే ఆడతాను. మూడు కీలు వేళ్లకు అలవాటు చేసుకోండి: దగ్గర్లోని శత్రువు కోసం హెచ్, ఎదుటివాడి వేగాన్ని అందుకోవడానికి ఎం, వస్తున్న బాంబును పట్టుకోవడానికి బి. ఎస్కార్ట్ (షిప్‌ని కాపాడే) మిషన్లలో సగం మంది ఓడిపోయేది ఆ ‘బి’ నొక్కకే.