సిజేరియన్‌కి ముందు మత్తు డాక్టర్ నోరు, మెడ ఎందుకు చూస్తారంటే

మీ చెల్లికి తొమ్మిదో నెల, మత్తు డాక్టర్ నోరు తెరిపించి చూసి "గొట్టం వెయ్యడం కష్టం కావచ్చు" అని ఫైల్లో రాశారు, భయపడాలా అని అడిగారు కదండీ. నేనూ మత్తు డాక్టర్‌నే. గొట్టమంటే పూర్తి మత్తులో శ్వాస ఆడటానికి నోట్లోంచి శ్వాసనాళంలోకి వేసేది. ముందే తెలిసింది కాబట్టి సగం ప్రమాదం తప్పినట్టే అనుకోండి.

సిజేరియన్లు చాలావరకు నడుముకి ఇంజెక్షన్‌తోనే అయిపోతాయి, గొట్టం అవసరమే రాదు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోతేనో, రక్తం ఆగకుండా పోతుంటేనో పూర్తి మత్తు ఇస్తాం. గర్భంతో ఉన్నప్పుడు గొంతు లోపలంతా ఉబ్బి ఉంటుంది, కాస్త తగిలినా రక్తం వస్తుంది, అందుకే 7 కానీ 6.5 కానీ మిల్లీమీటర్ల సన్న గొట్టమే తీసుకుంటాం, పైగా ఊపిరితిత్తుల్లో గాలి నిల్వ తక్కువ, ఆక్సిజన్ ఖర్చేమో ఎక్కువ, అందుకని శ్వాస ఆగితే మామూలు మనిషి కంటే చాలా తొందరగా శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడిపోతుంది.

ఒకసారి రాత్రి రెండింటికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన అమ్మాయిని థియేటర్‌కి తెచ్చారు, ప్లేట్‌లెట్లు 40 వేలు. సాయంత్రం నేను చూసినప్పుడు నోట్లో కొండనాలుక బాగానే కనపడింది, రాత్రికి నాలుక వాచిపోయి ఏమీ కనపడలేదు. భుజాల కింద దుప్పట్లు మడిచిపెట్టి తల ఎత్తాం, మూడు నిమిషాలు ఆక్సిజన్ పట్టాం, అయినా రెండుసార్లు ప్రయత్నించినా గొట్టం పడలేదు, శాచురేషన్ 88కి వచ్చేసింది. ఇంకొక్కసారి చూద్దాం అని చెయ్యి లాగేస్తుందండీ, కానీ ప్రతిసారీ వాపు పెరుగుతుంది. 2015 బ్రిటన్ గైడ్‌లైన్‌లో కూడా రెండుసార్లే, మూడోది బాగా అనుభవం ఉన్నవాళ్లు ఉంటేనే అని ఉంది. ఆపేసి ఎల్‌ఎంఏ, అంటే శ్వాసనాళంలోకి పోకుండా గొంతులోనే దాని పైన కూర్చునే మాస్క్ లాంటి గొట్టం, పెట్టాను, ఛాతీ లేచింది, శాచురేషన్ 97కి వచ్చింది, తల్లీబిడ్డా ఇంటికెళ్లారు. ఆ నిమిషం నాకింకా కళ్లముందే ఉంది.

అందుకే నొప్పులు మొదలయ్యాక మత్తు డాక్టర్‌ని మళ్లీ ఒకసారి గొంతు చూడమని అడగండి, పొద్దున చూసింది రాత్రికి సరిపోదు. ఎపిడ్యూరల్, అంటే నొప్పులు తెలియకుండా నడుములో పెట్టే సన్న ట్యూబు, దొరికే చోటైతే ముందే పెట్టించుకోండి, అర్జెంట్‌గా సిజేరియన్ అన్నా చాలాసార్లు అందులోంచే మందు ఇచ్చి చెయ్యొచ్చు. గొంతు లోపల కెమెరాతో చూస్తూ గొట్టం వేసే వీడియో లారింగోస్కోప్ ఉందో లేదో కూడా కనుక్కోండి. గురక, థైరాయిడ్ వాపు, కదిలే పళ్లు, ఇదివరకు ఆపరేషన్‌లో ఇబ్బంది, ఏదున్నా దాచకండి. ఇంకోటి, పస్తుంచారని జాలిపడి ఎవరో చాటుగా ఇడ్లీ పెడతారు చూడండి, దయచేసి వద్దు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. ఒకవేళ తినేసి ఉంటే తిట్టినా పర్లేదు, మాకు చెప్పెయ్యండి.