ఠాణా మీద కార్పొరేషన్‌కు పెత్తనం ఉందా?

పోలీసులు మా పిటిషన్ తీసుకోకపోతే కార్పొరేటర్ ఏమైనా చేయగలరా, అమెరికా పట్టణాల్లో పోలీసు అధికారిని నగర పాలకులే నియమిస్తారు కదా, మన వరంగల్‌లో ఎందుకు కుదరదు అని ఒకరు అడిగారు. చట్టం ప్రకారం చేయగలిగింది ఏమీ లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. 74వ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలు పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనులను చెప్పింది. అందులో వీధి దీపాలు, శ్మశానాలు, చివరికి బందెలదొడ్లు కూడా ఉన్నాయి గానీ పోలీసు లేదు. పైగా వరంగల్‌కు 2015లో పోలీసు కమిషనరేట్ వచ్చాక, శాంతిభద్రతలకు సంబంధించి అంతకుముందు కలెక్టర్ యంత్రాంగం చేతిలో ఉన్న మెజిస్ట్రేట్ అధికారాలు కొన్ని పోలీసు కమిషనర్‌కే చేరాయి. 66 డివిజన్ల మన గ్రేటర్ కౌన్సిల్ నయీంనగర్ నాలా గురించి ఎంతసేపైనా చర్చించవచ్చు. అదే కౌన్సిల్ ఠాణా మీద తీర్మానం చేస్తే దానికి వినతిపత్రానికి ఉన్నంత విలువే ఉంటుంది.

అయినా కార్పొరేటర్ ఫోన్ పనిచేస్తుంది. అది పనిచేయడమే అసలు రోగమని నా అభిప్రాయం.

కొన్నేళ్ల క్రితం ఒక ఫంక్షన్ హాలు ముందు మా బావమరిది బండి పోయింది. మొదట వెళ్లిన స్టేషన్‌లో రైటర్ పిటిషన్ చదవకుండానే, బండి రోడ్డుకు అవతలి పక్క పెట్టి ఉంటే అది తమ పరిధి కాదని చెప్పి పంపించారు. రెండో స్టేషన్‌లో, తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటారు, ముందు మీరే వెతుక్కోండని సలహా ఇచ్చారు. మా బావమరిది కల్లు కూడా ముట్టని మనిషి. అప్పుడు మా కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తే, ఆయన ఎస్సైతో "అన్నా, మనోళ్లే, జర చూడుండ్రి" అన్నారు. అంతే, కుర్చీలు వచ్చాయి, చాయ్ వచ్చింది, పరిధి మాట ఎవరికీ గుర్తు రాలేదు, ఎఫ్ఐఆర్ కాపీ చేతికి వచ్చింది. మాకంటే ముందు నుంచి బల్ల మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. కొడుకు తన ఇంటిని రాయించుకుని వెళ్లగొట్టాడని రాయించుకొచ్చిన కాగితాన్ని, మేము లేచి వచ్చేదాకా ఎవరూ అందుకోలేదు. ఒక నాయకుడి ఫోన్‌కు కదిలే ఠాణా, ఇంకో నాయకుడి ఫోన్‌కు ఆగిపోతుంది కూడా; ఎమ్మెల్యే మాట లేనిదే సీఐ పోస్టింగు రాదని ఊరంతా అనుకునే చోట ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కాబట్టి పోలీసు మీద అజమాయిషీని నాయకుల చేతికి ఇవ్వాలనే వారితో నేను ఏకీభవించను. నాకు కావలసింది కాగితం మీద, పదవి పేరుతో, జవాబు చెప్పవలసిన అజమాయిషీ.

అటువంటిది ఒకటి ఇప్పటికే ఉందని చాలామందికి తెలియదు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న, ప్రతి పోలీస్ స్టేషన్‌లో గేటు, లాకప్పులు, వరండా, ఇన్‌స్పెక్టర్ గది సహా అన్నిచోట్లా సీసీ కెమెరాలు ఉండాలనీ, రికార్డు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది నిల్వ ఉండాలనీ ఆదేశించింది. వాటిని చూసుకునే జిల్లా కమిటీలో కలెక్టర్, ఎస్పీలతో పాటు పట్టణ మేయర్‌కు, గ్రామీణ ప్రాంతానికైతే జిల్లా పరిషత్ అధ్యక్షుడికి చోటిచ్చింది. బయటపడని హక్కుల ఉల్లంఘన ఏదైనా జరిగిందేమోనని ఫుటేజీని పరిశీలించడం కూడా ఆ కమిటీ విధుల్లో ఉంది. పోలీసు సంస్కరణల మీద 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రకాశ్ సింగ్ తీర్పు, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి చెప్పిన జిల్లా అథారిటీకి కూడా విశ్రాంత జిల్లా జడ్జి నాయకత్వమే గానీ, అందులో మేయర్ ప్రస్తావన లేదు. అందువల్ల ఈ కెమెరాల కమిటీలోని కుర్చీ చిన్నదేమీ కాదు.

మన సంగతి చూడండి. "నేను సైతం" పేరుతో కాలనీ కెమెరాలకు చందా అంటే ఇంటింటికీ తిరిగి వసూలు చేస్తాం, కోతులు వైరు తెంపితే మళ్లీ మనమే వేయిస్తాం. మన గల్లీలో ఎవరు తిరుగుతున్నారో పోలీసులు చూడడానికి డబ్బు మనది. ఠాణా లోపలి కెమెరా పనిచేస్తోందా అని అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. నల్లా నీళ్ల కోసం కార్పొరేటర్‌ను నిలదీసే కాలనీ సంఘాలు, మేయర్ స్థానంలో ఉన్నవారు ఆ కమిటీ సమావేశానికి ఎన్నిసార్లు వెళ్లారని ఒక్కసారి కూడా అడగగా నేను వినలేదు. మీ కార్పొరేటర్ దగ్గరికి వెళ్తే ఎస్సైకి ఫోన్ చేయమని కాక, ఈ ప్రశ్న వేయించమని అడగండి. కమిటీ సమావేశాల వివరాల కోసం కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మీ పిటిషన్ విషయానికి వస్తే, విచారణార్హమైన (కాగ్నిజబుల్, అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరమైతే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధి పేరుతో తిప్పి పంపడానికీ వీల్లేదు. అయినా తీసుకోకపోతే అదే పిటిషన్‌ను కమిషనర్ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేట్ కోర్టులో వేయడానికి మీ వకీలు మొదట అడిగేది ఆ రసీదునే.