నా కొనుబడి కంటే వాళ్ల అమ్మకమే చౌక!

ప్రశ్న: మా వీధి చివర పెద్ద సూపర్ మార్కెట్ తెరిచారు. మా కిరాణా కొట్టులో బేరం సగానికి పడిపోయింది. నాకు పడే ధర కంటే తక్కువకే వాళ్లు సబ్బు అమ్ముతున్నారు. ఇదెలాగండీ? విదేశీ కంపెనీలకు అడ్డూ అదుపూ లేదా?
– ఓ కిరాణా వ్యాపారి, తెనాలి

జవాబు: మా నాన్నదీ కొట్టేనండీ, మీ బాధ తెలుసు. మీకు సరుకు డిస్ట్రిబ్యూటర్ చేతి మీదుగా వస్తుంది. సూపర్ మార్కెట్ వాళ్లు కంపెనీ దగ్గరే లారీలకొద్దీ ఎత్తుతారు. అక్కడ మిగిలిందే ఎమ్మార్పీ మీద తగ్గింపు. కొన్నిటిని నష్టానికీ ఇస్తారు, సబ్బుకొచ్చినావిడ దుప్పటి కూడా బుట్టలో వేసుకుంటుందని.

విదేశీ పెట్టుబడంటారా, పలు బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం దాకా 2012లో కేంద్రం ఒప్పుకుంది. కొట్టు తెరవనివ్వడం మాత్రం రాష్ట్రాల ఇష్టం. మీ వీధిలోది దేశీ సంస్థయితే ఆ నిబంధన దాని జోలికి రాదు.

సబ్బుల్లో పోటీకి దిగకండి. నాన్న ఐదు రూపాయల జీలకర్ర కూడా విసుక్కోకుండా పొట్లం కట్టేవారు, ఖాతా రాసేవారు (ఆ ఖాతాలో సగం వసూలు కాలేదు, అది వేరే కథ!). విడి పప్పులు, బెల్లం పెంచండి. పొద్దున్నే ఆరింటికి తలుపు తీయండి. అరువు మాత్రం ఇంటికి రెండు వేలు దాటనివ్వకండి.