డాక్టర్ సలహా: షుగర్ ఉన్నవారి పుండుకు పసుపు పూయవచ్చా? పసిపాపకు తేనె నాకించవచ్చా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. మా అత్తగారికి 63 ఏళ్లు, చాలా కాలంగా షుగర్ ఉంది. మూడు వారాల క్రితం చేలో నడుస్తుండగా మొక్కజొన్న కొయ్యకాలు అరికాలిలో గుచ్చుకుని పుండు పడింది. రోజూ వేపాకు కాచిన వేడినీళ్లలో కాలు పెట్టించి, తర్వాత పసుపు, కొబ్బరినూనె కలిపి పూస్తున్నాం. నొప్పేమీ లేదంటున్నారు కానీ పుండు మానడం లేదు. ఎనిమిది నెలల మా పాపకు దగ్గు వస్తే తులసి రసంలో తేనె కలిపి నాకిస్తున్నాం. కడుపులో క్రిములు పోవడానికి వేపనూనె కూడా కొంచెం పట్టమని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు. యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడితే తర్వాత అవి పనిచేయవని చదివాను, అందుకే ఇంటి వైద్యంతోనే నెట్టుకొస్తున్నాం. ఇవన్నీ క్షేమమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీ అత్తగారికి నొప్పి లేదన్న మాట. అరికాలిలో మూడు వారాలుగా మానని పుండు ఉండి కూడా నొప్పి తెలియడం లేదంటే, ఏళ్ల తరబడి ఉన్న షుగర్ వల్ల పాదాల్లోని నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోయి ఉండవచ్చని అనుమానించాలి. ఈ జవాబు చదివిన రోజే ఆమెను సర్జన్‌కు గానీ, షుగర్ వ్యాధి నిపుణులకు గానీ చూపించండి. తక్కిన సంగతులు ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

పసుపుకు, వేపకు, తేనెకు, వెల్లుల్లికి సూక్ష్మక్రిములను అణచే గుణం ఉందన్న మాట నిజం. ఇది మన పెద్దల ఊహ కాదు, ప్రయోగశాలల్లో పదే పదే రుజువైన విషయం. వెల్లుల్లిని నలిపినప్పుడు పుట్టే అల్లిసిన్, పసుపులోని కర్క్యుమిన్, లవంగ నూనెలోని యూజినాల్ గాజు పాత్రలో పెంచిన బ్యాక్టీరియాను అడ్డుకుంటాయి. అయితే గాజు పాత్రలో క్రిములకు నేరుగా, కావలసినంత మోతాదులో తగిలే పదార్థం, మనిషి పుండులో చీము, రక్తం, చచ్చిన కణజాలం మధ్య అదే పని అంతే బలంగా చేస్తుందని చెప్పలేము. పైగా మనం వంటకు వాడే పసుపు పొడిలో కర్క్యుమిన్ బరువులో సుమారు మూడు శాతమే ఉంటుంది. పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది మనమందరం గర్వించదగిన విజయమే, కానీ అక్కడ తేలింది ఆ వాడకం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నదని మాత్రమే. ఏ పుండుకు పూస్తే క్షేమం, ఎవరికి పూయకూడదు అన్న ప్రశ్న ఆ విచారణలో లేదు.

మీ జిల్లాలో పసుపు ఎలా తయారవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. తవ్విన దుంపలను ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, మెరుగు పట్టి మార్కెట్‌కు తెస్తారు. వంటకు అది చక్కగా సరిపోతుంది. కానీ నేలమీద ఆరిన ఏ దినుసుకైనా మట్టిలోని బ్యాక్టీరియా బీజాలు అంటుకునే అవకాశం ఉంటుంది, వాటిలో కొన్ని ఉడకబెట్టినా చావవు. కూరలో వేసిన పసుపుతో అవి సాధారణంగా మనల్ని ఏమీ చేయలేవు. అదే పొడిని లోతైన గాయంలో కూరితే పరిస్థితి వేరు. రంగు కోసం లెడ్ క్రోమేట్ వంటి విషపదార్థాలు కలిపిన పసుపు బజారులో పట్టుబడిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మా ఓపీకి వచ్చే షుగర్ రోగుల పాదాలలో ఇలాంటివి తరచుగా చూస్తుంటాము. పసుపు, నూనె కలిసి ఎండి పుండుపై గట్టి పెచ్చులా పట్టుకుని ఉంటుంది, పైనుంచి చూస్తే మానిపోతున్నట్టే కనబడుతుంది. సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ వేసి కాసేపు నానబెట్టి ఆ పెచ్చును మెల్లగా లేపితే కింద చీము నిలిచి ఉంటుంది, సన్నటి పరికరంతో తడిమితే ఒక్కోసారి ఎముక తగులుతుంది. రోగికి మాత్రం ఇదంతా జరుగుతున్నట్టే తెలియదు. పసుపు అక్కడ కొత్తగా విషమేమీ పోయకపోయినా, పుండు అసలు స్థితి ఇంట్లోవారి కంటికి కనబడకుండా చేసింది. ఆ పోయిన రోజులే కాలికి ముప్పు తెస్తాయి.

వేపాకు నీళ్ల విషయంలో నా అభ్యంతరం వేపాకు మీద కాదు, వేడి మీద. స్పర్శ తగ్గిన పాదానికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు, బొబ్బలెక్కినా రోగి కాలు తీయరు. చాలాసేపు నానితే పుండు చుట్టూ చర్మం మెత్తబడి మరింత చిట్లుతుంది. అందువల్ల కాలు నానబెట్టడం పూర్తిగా మానేయండి. శుభ్రమైన తాగునీటితో గానీ, కాచి చల్లార్చిన నీటితో గానీ పుండును కడిగి, మెత్తగా అద్ది, శుభ్రమైన గాజుగుడ్డతో కప్పి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. ఆ కాలి మీద బరువు మోపి నడవనివ్వకండి. పుండు చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటి పాకినా, దుర్వాసన వచ్చినా, వేలు గానీ చర్మం గానీ నల్లబడినా, జ్వరం, చలి వచ్చినా అది అత్యవసర పరిస్థితి, రాత్రివేళైనా సరే ఆస్పత్రికి వెళ్లాలి. కొయ్యకాలు ముక్క లోపల విరిగి ఉండిపోయిందేమో కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి, ఎందుకంటే కర్రముక్క ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, అల్ట్రాసౌండ్‌తో వెతకవలసి వస్తుంది. పొలం మట్టిలో, పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి కనుక, ఇలాంటి మురికి గాయమైనప్పుడు చివరి టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి. ఏ ఆకుపసరూ ఆ టీకా చేసే పని చేయలేదు.

షుగర్ లేని ఆరోగ్యవంతులకు చిన్న గీత పడితే పసుపు అద్దడం వల్ల పెద్ద హాని జరగడం అరుదు. పిల్లలు ఆడుకుంటూ మోకాలు చెక్కుకుపోతే గడ్డిచామంతి ఆకు నలిపి పిండడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన అలవాటే. కానీ అక్కడ నిజమైన మేలు చేసేది నీళ్లు, సబ్బు. కుళాయి కింద పెట్టి మట్టి పోయేవరకు కడిగితే సగానికి పైగా పని అయిపోయినట్టే. తర్వాత రాసే పసుపు చేసే అదనపు మేలు స్వల్పం. లోతైన గాయాలకు, కాలిన గాయాలకు, కంటికి, పుట్టిన బిడ్డ బొడ్డుకు మాత్రం పసుపు, ఆకుపసర్లు, నూనెలు ఏవీ వద్దు. బొడ్డును ఏమీ రాయకుండా పొడిగా ఉంచడమే మంచిది. కాలినప్పుడు ఇరవై నిమిషాల పాటు చల్లటి నీటి ధార కింద ఉంచాలి. కుక్క కరిస్తే పసుపు, సున్నం, కారం అద్దకుండా, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

తేనెకు గాయాలు మాన్పే గుణం ఉందని ఇప్పుడు ఆస్పత్రులు కూడా ఒప్పుకుంటున్నాయి. అందులో చక్కెర చిక్కగా, నీరు తక్కువగా ఉండడం, కాస్త ఆమ్లగుణం ఉండడం, ఒక ఎంజైము వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టడం క్రిములను అణచివేస్తాయి. కాకపోతే గాయాలకు వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేసి ప్రత్యేకంగా తయారుచేస్తారు. మీ వంటింటి సీసాలోని తేనె, అది ఎంత స్వచ్ఛమైనదైనా, పుండులో పోయడానికి కాదు.

పాప సంగతికి వస్తే, ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఉండగల బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు పెద్దవాళ్లకు ఏమీ చేయవు, కానీ పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేస్తాయి. విరేచనం బిగుసుకుపోవడం, పాలు సరిగా పీల్చలేకపోవడం, ఏడుపు నీరసంగా రావడం, మెడ నిలపలేక ఒళ్లు వేలబడిపోవడం దాని లక్షణాలు. ఇది అరుదే అయినా ప్రాణాంతకం కావచ్చు. ఇప్పటివరకు నాకించినందుకు భయపడిపోకండి, ఇక మీదట ఆపి, ఈ లక్షణాలేవైనా కనిపిస్తే వెంటనే తీసుకువెళ్లండి. ఏడాది దాటిన తర్వాత, రాత్రి పడుకునే ముందు అర చెంచా తేనె ఇస్తే దగ్గు ఉపశమిస్తుంది, దానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. ప్రస్తుతానికి పాపకు తల్లిపాలు ఎక్కువసార్లు పట్టించడం, ముక్కు పట్టేస్తే సెలైన్ చుక్కలు వేయడం చాలు. తులసి రసం కూడా ఈ వయసులో అవసరం లేదు. పాప నిమిషానికి యాభై సార్లు గానీ అంతకంటే ఎక్కువగా గానీ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా న్యుమోనియా అని అనుమానించి ఆలస్యం చేయకుండా చూపించాలి. నిద్రపోతున్నప్పుడు బట్ట పైకెత్తి, గడియారం చూస్తూ ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి.

వేపనూనె మాత్రం వద్దే వద్దు. వేప చెట్టు మీద మనకున్న భక్తి, ప్రేమ నాకూ ఉన్నాయి, కానీ గింజల నుంచి తీసే ఆ నూనె పసిపిల్లల కడుపులోకి వెళితే వాంతులు, మగత, ఆయాసం, ఫిట్స్ వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిన్న ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. మలేసియాలో చిన్న మోతాదు తర్వాతే ఇలా జరిగిన పిల్లల గురించి 1980ల తొలినాళ్లలోనే వైద్యులు రాశారు. జలుబు చేసిందని కర్పూరం కలిపిన నూనెను పసిపిల్లల ముక్కు దగ్గర రాయడం కూడా ప్రమాదమే. అది పొరపాటున నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. క్రిముల మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో పిల్లల డాక్టరు చెబుతారు.

ఇక యాంటీబయాటిక్స్ గురించి మీరు చదివింది నిజమే, ఆ జాగ్రత్త ఉన్నందుకు సంతోషం. కానీ ఆ జాగ్రత్త చూపవలసిన చోటు మీ పాప జలుబు. జలుబు చాలావరకు వైరస్ వల్ల వస్తుంది కనుక యాంటీబయాటిక్ అక్కడ పనికిరాదు. పెద్దవాళ్లకు గొంతు నొప్పి అయితే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేయడం నేనూ చెప్పే వైద్యమే. మీ అత్తగారి పుండులో ఇన్ఫెక్షన్ ఉందని డాక్టరు నిర్ధారిస్తే మాత్రం అక్కడ యాంటీబయాటిక్ కాలును కాపాడే మందు, దాన్ని వాడడానికి వెనుకాడకూడదు. పాత చీటీతో మందుల షాపులో కొనడం, ఇంట్లో మిగిలిన మాత్రలు వేయడం, చెప్పినన్ని రోజులు వాడకుండా మధ్యలో ఆపడం వంటివే మీరు భయపడుతున్న ఆ సమస్యను పెంచుతాయి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు షుగర్ మాత్రల చీటీ, ఇటీవలి రక్తపరీక్షల కాగితాలు తీసుకువెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు గానీ, పసుపు క్యాప్సూల్స్ గానీ వాడుతుంటే చెప్పండి, ఎందుకంటే వంటలోని పసుపుతో రాని రక్తస్రావం ఇబ్బంది, చిక్కబరిచిన క్యాప్సూల్స్‌తో రావచ్చు. పుండుకు ఇన్నాళ్లూ ఏమేమి పూశారో కూడా దాచకండి. కోప్పడతారేమోనని చాలామంది పొద్దున్నే గట్టిగా రుద్ది కడిగేసి వస్తారు, అయినా చర్మానికి పట్టిన పసుపు రంగు పూర్తిగా పోదు, పుండు చుట్టూ ఎరుపు ఎంతవరకు పాకిందో ఆ రంగు వల్ల మాకు స్పష్టంగా కనబడదు. ఏం పూశారో తెలిస్తే ఆ భాగాన్ని చేత్తో తాకి వేడి, వాపు చూసి అంచనా వేయగలుగుతాము.